మైకుల్లో వచ్చే భయం

నిన్న రాత్రి బెంగళూరు మారతహళ్లిలో మా వీధి చివర ఒక నాయకుడి మీటింగ్. స్తంభానికి కట్టిన మైకు సరిగ్గా మా వంటింటి కిటికీకి ఎదురుగా ఉంది. పప్పులో తాలింపు వేస్తుంటే ఒకటే అరుపులు: "బయటివాళ్లొచ్చి మీ ఉద్యోగాలు లాక్కుంటున్నారు!" పదేళ్లుగా ఇక్కడే పన్ను కడుతున్నాం, ఆ బయటివాళ్లం మేమేనట! ముందు హడలగొట్టడం, తర్వాత గొంతు తగ్గించి "నేనున్నాను" అనడం. నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుందో మాత్రం ఒక్క ముక్క లేదు. మా ఊళ్లోనూ ఇదే పాట, కాకపోతే అక్కడ బయటివాళ్లు వేరే. అక్కడ మా నాన్నగారు చప్పట్లు కూడా కొడతారు, అది వేరే సంగతి.

భయం ఏం చేయగలదో ఈ ఊరు చూడలేదా? 2012 ఆగస్టులో దాడులు జరుగుతాయన్న పుకార్లకే ఈశాన్య రాష్ట్రాలవాళ్లు వేలమంది మూటాముల్లె సర్దుకుని రైల్వే స్టేషన్‌కు పరుగెత్తారు. గువాహటికి ప్రత్యేక రైళ్లు వేయాల్సి వచ్చింది. అప్పుడు గుంపుగా పంపే ఎస్సెమ్మెస్‌లకు కేంద్రం రోజుకు 5 అని పరిమితి పెట్టింది. మైకులో భయపెట్టేవాళ్లకు ఏ లెక్కా లేదు.

రాత్రి 10 దాటితే మైకు ఆపేయాలని రూలుంది. పదిన్నరకీ ఆగలేదు. తాలింపు ఎప్పుడో మాడిపోయింది.