లైటు ఆర్పితే బిల్లు తగ్గుతుందా?

మా ఇంట్లో కరెంటు పొదుపు అంటే మొదటి నుంచీ ఒకటే మాట: "గదిలోంచి వచ్చేటప్పుడు లైటు ఆర్పు." అమ్మ ఇప్పటికీ పడుకునే ముందు ఇల్లంతా ఒక చుట్టు చుట్టి స్విచ్‌లన్నీ చూసుకుంటుంది. మనుషులు లేని గదిలో బల్బు వెలుగుతుంటే ఆమె ప్రాణం ఊరుకోదు. ఆ అలవాటు ఉత్తినే రాలేదు. ఆమె కాపురం మొదలుపెట్టిన రోజుల్లో ఇంట్లో ఉన్నవి 60 వాట్ల ఫిలమెంట్ బల్బులు. నాలుగు గదుల్లో నాలుగు వెలిగితే 240 వాట్లు, అంటే గంటకు దాదాపు పావు యూనిట్. ఆ బల్బులు తీసుకున్న కరెంటులో 90 శాతానికి పైగా వేడిగానే పోయేది. అప్పట్లో ఇంట్లో వేరే పెద్ద వస్తువులేవీ లేవు కాబట్టి లైటు ఆర్పడమే పొదుపు.

ఇప్పుడు అదే వెలుగును 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తోంది. నాలుగూ కలిపినా 36 వాట్లే. తెల్లటి ఎల్‌ఈడీ బల్బుకు దారి వేసింది నీలి ఎల్‌ఈడీ. దాన్ని సాధించిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. బల్బు ఇంతగా మారిపోయినా మన మందలింపులు మాత్రం అవే. పిల్లాడు లైటు ఆర్పలేదని కేకలేస్తాం, అదే ఇంట్లో గీజర్ పొద్దుటి నుంచి ఆన్‌లో ఉన్నా ఎవరికీ పట్టదు. మన చూపంతా వెలిగేవాటి మీద ఉంది. బిల్లు పెరిగేది వేడి చేసేవాటితో, చల్లబరిచేవాటితో.

వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. ఇంతకు మించి లెక్క తెలియనక్కర్లేదు. వేడినీళ్ల సంగతే చూడండి. లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 4.2 కిలోజౌళ్ల శక్తి కావాలి (ఒక యూనిట్ అంటే 3600 కిలోజౌళ్లు). ఒకరి స్నానానికి 20 లీటర్ల నీళ్లను 20 డిగ్రీలు వేడెక్కిస్తే దాదాపు అర యూనిట్ అవుతుంది. అంత కరెంటుతో 9 వాట్ల బల్బు 50 గంటలు వెలుగుతుంది. రెండు రోజులకు పైనే! నలుగురున్న ఇంట్లో స్నానాలకే రోజుకు రెండు యూనిట్లు పోతాయన్నమాట. కాయిల్‌తో నీళ్లు కాచే గీజర్ ఎంత ఖరీదైనదైనా ఇంతకంటే తక్కువతో పని జరగదు. నీటి స్వభావమే అది.

అందుకే ఇక్కడ బ్రాండ్ మార్చి లాభం లేదు. నీళ్లు తగ్గించాలి, లేదా వేడి తగ్గించాలి. అదీ కాదంటే వేడిని కరెంటుతో పుట్టించడం మానేసి ఎండ నుంచో గాలి నుంచో తెచ్చుకోవాలి. సోలార్ హీటర్ చేసేది మొదటిది. హీట్ పంప్ చేసేది రెండోది. అది బయటి గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్లలోకి చేరుస్తుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుకు రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. ఇవేవీ కొనలేనివారికి ఖర్చు లేని దారి ఒకటుంది. ఇంట్లోవాళ్ల స్నానాలు ఒకదాని వెంట ఒకటి అయిపోయేలా చూసుకుని గీజర్ కట్టేయడం. ట్యాంకులో నిలవున్న వేడినీళ్లు చల్లారుతూనే ఉంటాయి, గీజర్ వాటిని మళ్లీ మళ్లీ కాస్తూనే ఉంటుంది. వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్ల వాష్ కథ కూడా ఇదే. అక్కడ ఖర్చంతా నీళ్లు కాచడానికే, డ్రమ్ము తిప్పడానికి అయ్యేది కొంచెమే.

చల్లబరచడం దగ్గర లెక్క ఇంకో రకంగా ఉంటుంది. గోడల గుండా లోపలికి వచ్చే వేడి, బయటికీ లోపలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. బయట 36 డిగ్రీలుండి లోపల 20 పెడితే తేడా 16. 26 పెడితే 10. గోడల్లోంచి వచ్చే వేడి మూడో వంతుకు పైగా తగ్గిపోయినట్టే. ఏసీ ఆ మేరకు తక్కువ వేడిని బయటికి తోస్తుంది. గది తొందరగా చల్లబడాలని రిమోట్‌లో 16 నొక్కేవాళ్లు చాలామంది. ఇన్వర్టర్ రకం కాని మామూలు ఏసీ కంప్రెసర్‌కు ఒకటే వేగం. ఎంత పెట్టినా చల్లబరిచే వేగం అంతే, కాకపోతే ఎప్పటికీ ఆగదు. 26 పెట్టి ఫ్యాన్ వేసుకుంటే ఒంటికి దాదాపు అంతే హాయిగా ఉంటుంది. ఫ్యాన్ గదిని చల్లబరచదు, మన చర్మం మీది చెమటను ఆరబెట్టి మనల్ని చల్లబరుస్తుంది. కాబట్టి ఖాళీ గదిలో తిరిగే ఫ్యాన్‌తో ఎవరికీ ఉపయోగం లేదు. పాత ఫ్యాన్ 75 వాట్ల దాకా తింటే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని కొత్త రకం) మోటారుది 30 వాట్ల చుట్టుపక్కల సరిపెట్టుకుంటుంది. రోజంతా తిరిగే ఇంట్లో ముందు మార్చాల్సిన వస్తువు ఇదేనని నా అభిప్రాయం.

ఫ్రిజ్‌కు సెలవు లేదు కాబట్టి తలుపు రబ్బరు ఒక్కటి చూసుకుంటే చాలు. కాగితం పెట్టి తలుపు వేసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు పోయినట్టే.

ఇవన్నీ లెక్కలు. ఇంట్లో నిజంగా ఎంత పోతోందో తెలియాలంటే మీటరు దగ్గరికే వెళ్లాలి. ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది. ఎన్ని మిణుకులకు ఒక యూనిటో పక్కనే ముద్రించి ఉంటుంది. మాది 3200. ఒక రాత్రి లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసి, టార్చి పట్టుకుని మీటరు ముందు నిలబడ్డాను. ఇల్లంతా చీకటి, చిన్న చప్పుడు కూడా లేదు. అయినా ఎర్ర లైటు మెరిసింది. ఫోన్‌లో గడియారం చూసుకుంటూ లెక్కపెట్టాను. సరిగ్గా 40 సెకన్లకు మళ్లీ మెరిసింది. గంటకు 90 మిణుకులు, అంటే 28 వాట్లు. ఎవరూ వాడకుండానే రాత్రీ పగలూ పోతోంది. ఏడాదికి 245 యూనిట్లు! అంత కరెంటుతో అమ్మ ఆర్పే ఆ 9 వాట్ల బల్బు మూడేళ్లు ఆగకుండా వెలుగుతుంది.

ఒక్కో ప్లగ్ తీస్తూ మళ్లీ మీటరు దగ్గరికి పోయి చూస్తే దొంగ దొరికాడు. టీవీ ఆపినా ఆగని సెట్‌టాప్ బాక్స్‌దే సగం వాటా. తర్వాత రౌటర్, ఎప్పుడో ఆరు నెలల కిందట పాట పెట్టిన మ్యూజిక్ సిస్టమ్. అందరూ తిట్టే ఫోన్ ఛార్జర్ వల్ల మీటరులో తేడాయే కనబడలేదు. ఫోన్ లేకుండా ఊరికే ప్లగ్‌లో ఉండే ఇప్పటి మంచి ఛార్జర్ అర వాటు కూడా తీసుకోదు. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. పొదుపు గురించి చెప్పే పది సలహాల కంటే ఇదే ఎక్కువ నేర్పింది నాకు.

వంటింట్లో కూడా ఇలాంటి పొరపాటే జరుగుతుంది. మరుగుతున్న నీళ్ల కింద మంట ఎంత పెంచినా నీళ్లు 100 డిగ్రీలు దాటవు, ఆవిరి మాత్రం ఎక్కువ పోతుంది. లీటరు నీళ్లను సున్నా నుంచి మరిగే దాకా తేవడానికి అయ్యే శక్తికి ఐదు రెట్లకు పైగా, ఆ మరిగే లీటరును ఆవిరి చేయడానికి అవుతుంది. మూత పెట్టి మంట తగ్గిస్తే గ్యాస్ ఎందుకు మిగులుతుందో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది. ప్రెషర్ కుక్కర్ లోపల నీళ్లు 120 డిగ్రీల దగ్గర్లో మరుగుతాయి కాబట్టి అక్కడ టైమూ కలిసొస్తుంది.

తక్కువ తినే వస్తువు కొన్నంత మాత్రాన బిల్లు తగ్గుతుందని కూడా లేదు. ఆవిరి యంత్రాలు మెరుగయ్యాక బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని ఇంగ్లండు ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే గమనించాడు. మన ఇళ్లలో జరిగేది అదే. కొత్త ఏసీ కరెంటు తక్కువ తాగుతుందని ఇంకో రెండు గంటలు ఎక్కువ నడుపుతాం, ఎల్‌ఈడీ కదా అని సీలింగ్ నిండా లైట్లు పెట్టిస్తాం.

మరోవైపు పొదుపు పేరుతో ఒంటిని హింసపెట్టుకునేవాళ్లున్నారు. ఈ విషయం నన్ను నిజంగా బాధపెడుతుంది. ఉక్కపోతలో ఫ్యాన్ ఆపుకుని కూర్చునే పెద్దవాళ్లను చూశాను. బిల్లు చూస్తే టెన్షన్ అంటారు. పాత ఫ్యాన్ అయినా నాలుగు గంటలు తిరిగితే అయ్యేది 0.3 యూనిట్, ఒక స్నానం నీళ్లకంటే తక్కువ. ఉక్కపోత రోజుల్లో వయసు మళ్లినవాళ్లు ఆపాల్సిన చివరి వస్తువు ఫ్యాన్. వాళ్లకు సలహాలు చెప్పే ముందు గీజర్, పాత ఫ్రిజ్ సంగతి మనం చూడాలి.

అద్దె ఇళ్లవాళ్ల కష్టం ఇంకోటి. గీజర్, ఏసీ కొనేది ఇంటివాళ్లు, బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్లు. చవకలో దొరికిన వస్తువు పెట్టినా ఇంటివాళ్లకు పోయేదేమీ లేదు. పై అంతస్తు కప్పు మీద తెల్లటి కూలింగ్ పెయింట్ వేయించే అధికారం అద్దెకున్నవాళ్లకు లేదు. ఇలాంటివాళ్లకు "జాగ్రత్తగా వాడండి" అని చెప్పి ఊరుకోవడం అన్యాయం. ఐరోపా సమాఖ్య 2002లో తెచ్చిన ఆదేశంతో అక్కడ ఇల్లు అమ్మినా అద్దెకిచ్చినా ఇంధన సామర్థ్య సర్టిఫికెట్ చూపించాలన్న నిబంధన వచ్చింది. ఇల్లు ఎంత కరెంటు, గ్యాస్ తాగుతుందో చేరకముందే తెలుస్తుంది. అలాంటి నిబంధన లేనిచోట అడగాల్సింది మనమే. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు కుళాయిలు తిప్పి చూసినట్టే గడిచిన 12 నెలల కరెంటు బిల్లులు చూపించమని అడగండి. పై అంతస్తైతే సాయంత్రం చల్లబడ్డాక కాకుండా మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్లి, ఫ్యాన్ వేయకుండా ఆ కప్పు కింద పది నిమిషాలు నిలబడి చూడండి.