మీమ్స్ గురించి ఆ ఫార్వర్డ్‌లో ఉన్నది సగమే నిజం

"మీమ్స్‌ని 1976లో రిచర్డ్ డాకిన్స్ కనిపెట్టారు. ఇంటర్నెట్‌కి ముందు అలాంటివి లేవు. అవన్నీ అర్థం పర్థం లేని టైంపాస్ బొమ్మలు." తెగ తిరుగుతున్న ఒక మెసేజ్ సారాంశం ఇది.

బ్రిటన్ జీవశాస్త్రవేత్త డాకిన్స్ ఇచ్చింది మాట మాత్రమే. 'ద సెల్ఫిష్ జీన్' పుస్తకం కోసం, అనుకరణకు సంబంధించిన ఓ గ్రీకు మాటను 'జీన్' (జన్యువు)లా వినబడేలా కురచ చేసి, అనుకరణతో ఒకరి నుంచి ఒకరికి పాకే వాటికి పేరుగా పెట్టారు. ఆయన ఇచ్చిన ఉదాహరణలు రాగాలు, ఊతపదాలు, బట్టల ఫ్యాషన్లు, చివరికి కుండలు చేసే పద్ధతి! నెట్‌లో పాకేవాటికి ఆ పేరు వాడుతూ అమెరికన్ లాయర్ మైక్ గాడ్విన్ 'వైర్డ్' పత్రికలో రాసింది 1994లో. తన ఆలోచనను నెట్ హైజాక్ చేసిందని 2013లో డాకిన్సే అన్నారు. ఎందుకంటే జన్యువుల్లో మార్పు యాదృచ్ఛికం, నెట్ మీమ్స్‌నేమో జనం కావాలనే మారుస్తారు కదా.

ఇక నెట్‌కి ముందు లేవన్న మాట. రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటన్‌లో గోడల మీద ఒక బొమ్మ కనబడేది. గోడ అవతల నుంచి గుండు తల, ఇటువైపు వేలాడే పొడుగాటి ముక్కు, అంచు పట్టుకున్న వేళ్లు. పేరు చాడ్. కింద "ఏంటీ, పంచదార లేదా?" అని ఉండేది. ఏ సరుకు కరువైతే ఆ పేరు పెట్టేవాళ్లు. బొమ్మ అదే, మాట వేరు. ఇప్పుడు మనం టెంప్లేట్ అంటున్నది ఇదే! అమెరికా సైనికులు రాసే "కిల్‌రాయ్ ఇక్కడికొచ్చాడు" అన్న వాక్యం కూడా వచ్చి ఈ బొమ్మకే అతుక్కుంది. రేషన్ మీద జనం కడుపుమంట అలా నవ్వుగా బయటపడింది. దీన్ని టైంపాస్ అంటారా?

అర్థం లేదన్నవాళ్లు నెట్‌లో మీమ్‌గా తిరిగే పెపె అనే కప్ప బొమ్మను చూడాలి. 2005లో మాట్ ఫ్యూరీ గీసిన కామిక్‌లో అదొక బద్ధకపు పాత్ర, అంతే. జాత్యహంకారులు దాన్ని ఎంతగా వాడుకున్నారంటే, 2016లో అమెరికాలో ద్వేష ప్రచారంపై పోరాడే యాంటీ డిఫమేషన్ లీగ్ సంస్థ దాన్ని ద్వేష చిహ్నాల జాబితాలో చేర్చింది, మామూలుగా వాడేవాళ్లే ఎక్కువని చెబుతూనే. విసిగిపోయిన ఫ్యూరీ 2017లో దాన్ని శవపేటికలో పడుకోబెట్టి కామిక్ గీశారు. కప్ప చావలేదు. 2019లో హాంకాంగ్‌లో ప్రజాస్వామ్యం కోసం వీధుల్లోకి వచ్చినవాళ్లు అదే కప్పను తమ గుర్తుగా గోడలకు అంటించుకున్నారు.