ఇన్నొవేషన్ ఫండ్ సంగతి తర్వాత, ముందు పర్చేజ్ ఆర్డర్ ఇవ్వండి

ఏ ప్రభుత్వమైనా ఇన్నొవేషన్ పాలసీ అనగానే వరస ఒకటే. పెద్ద అంకెతో ఓ ఫండ్, ఓ అద్దాల భవనం, ఓ హ్యాకథాన్, స్టేజీ మీద నిలువెత్తు చెక్కుతో ఫొటో. ఐదేళ్లయ్యాక ఏం సాధించారయ్యా అంటే ఎంతమందికి గ్రాంట్లు పంచారో లెక్క చదువుతారు. అది ఖర్చు పద్దు. ఫలితం ఏదని కదా అడిగింది!

బేసిక్ రీసెర్చ్‌కి ప్రభుత్వ డబ్బు కావాలి, అందులో పేచీ లేదు. అక్కడ తేలిన విషయాన్ని ఎవరైనా వాడుకోవచ్చు కాబట్టి ఏ కంపెనీ తనంతట తాను తగినంత ఖర్చు పెట్టదు. నా గొడవంతా ఆ తర్వాతి మెట్టు గురించి. ప్రోటోటైప్ పనిచేస్తుంది, కానీ ధర పాత వస్తువుకి పదింతలు. ధర దిగాలంటే ఎక్కువ తయారుచేయాలి. ఎక్కువ తయారుచేయాలంటే కొనేవాడుండాలి. ఆ ధరకి ఎవడూ కొనడు. ఇక్కడ ఇంకో గ్రాంట్ ఇస్తే ఇంకో ప్రోటోటైప్ వస్తుంది, అంతే.

ఐసీ చిప్ (బోలెడు ట్రాన్సిస్టర్లను ఒకే సిలికాన్ ముక్క మీద కలిపిన సర్క్యూట్) సంగతి చూడండి. 1962లో అమెరికాలో చిప్ సగటు ధర 50 డాలర్లు. తయారైన సరుకంతా వెళ్లింది ప్రభుత్వ అవసరాలకే, ముఖ్యంగా మినిట్‌మన్ అణు క్షిపణికి, చంద్రయాత్ర చేసిన అపోలో నౌకకి దారి చూపే గైడెన్స్ కంప్యూటర్‌కి. మిగతావాళ్లు విడి ట్రాన్సిస్టర్లతోనే పని కానిచ్చుకునేవారు. తొలిరోజుల్లో ఒక్కో వేఫర్ (చిప్‌లు తయారయ్యే పల్చటి సిలికాన్ బిళ్ల) మీద పనికొచ్చే చిప్‌ల కంటే పారేసేవే ఎక్కువ. దుమ్ము ఎక్కణ్నుంచి పడుతోంది, మాస్క్ (సర్క్యూట్ బొమ్మ అచ్చు) ఎక్కడ పక్కకి జరుగుతోంది, ఏ కనెక్షన్ ఊడుతోంది అన్నవి కాగితం మీద తేలవు. లైన్ ఆగకుండా నడుస్తుంటే ఒక్కొక్కటీ బయటపడతాయి. యీల్డ్ (పనికొచ్చే చిప్‌ల శాతం) పెరిగేకొద్దీ ధర పడింది: 1965కి 8.33 డాలర్లు, 1968కి 2.33. ఆలోపు ఉత్పత్తిలో ప్రభుత్వ అవసరాల వాటా నూటికి నూరు నుంచి 37 శాతానికి దిగింది. పాలసీ పనిచేసిందని చెప్పే అంకె నా దృష్టిలో ఈ 37. కొన్నవాడు క్రమంగా అక్కర్లేకుండా పోవాలి.

ఇందులో జనం మర్చిపోయే సంగతులు రెండున్నాయి. కొనేవాళ్లు అడిగింది బరువెంత, చోటెంత, చెడిపోకుండా ఎంతకాలం పనిచేస్తుంది అని. ఎలా తయారుచేయాలో చెప్పలేదు. రెండోది, ఒకే సప్లయర్ మీద ఆధారపడటం సైన్యానికి ఇష్టం లేదు. అదే చిప్‌ని ఇంకొకరూ చేయగలగాలని పట్టుబట్టేది. దాంతో పనితనం ఒక కంపెనీ గోడల మధ్య ఉండిపోలేదు. అంతకుముందే, 1956లో, యాంటీట్రస్ట్ (గుత్తాధిపత్య నిరోధక) కేసు రాజీలో భాగంగా, ట్రాన్సిస్టర్‌ని కనిపెట్టిన టెలిఫోన్ కంపెనీ బెల్ తన అప్పటిదాకా ఉన్న పేటెంట్లను రాయల్టీ లేకుండా వాడుకోనివ్వాల్సి వచ్చింది. ఫండ్ ప్రకటనలో ఇలాంటి క్లాజు ఎప్పుడైనా చూశారా?

ప్రభుత్వం కొంటే చాలు అనీ కాదు. బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి కట్టిన, ధ్వని కంటే వేగంగా ఎగిరే కాంకార్డ్ విమానాలు 20. సర్వీసులోకి వెళ్లినవి 14, అవన్నీ తీసుకున్నవి ఆ రెండు దేశాల ప్రభుత్వ ఎయిర్‌లైన్సే. అక్కడ వాటా దిగడమన్న మాటే లేదు.

ధర హామీతో గిరాకీ పుట్టించడం ఇంకో దారి. జర్మనీ 2000 నాటి చట్టంతో సోలార్ కరెంటుకి 20 ఏళ్లపాటు ఖాయమైన రేటు ఇచ్చింది. కొత్తగా పెట్టేవాళ్లకి ఏటా 5 శాతం తగ్గేలా క్యాలెండర్‌కి ముడిపెట్టింది. 2009 తర్వాత ప్యానెళ్ల ధర ఆ క్యాలెండర్ కంటే వేగంగా పడిపోయింది. రేటు మాత్రం వెనకే నడిచింది. 2010 నుంచి మూడేళ్లు ఏటా 7 గిగావాట్లకు పైగా ఎగబడి పెట్టారు, ఆ రేటు భారం సర్‌చార్జిగా ఇళ్ల కరెంటు బిల్లుల్లో పడింది. చివరికి 2012లో కోతను నెలనెలా, ఎంత సామర్థ్యం పెట్టారన్న లెక్కకి కట్టారు. మొదటే చేయాల్సిన పని. ఫ్యాక్టరీలు చైనాకి పోయాయని జర్మన్లు బాధపడతారు, న్యాయమే, జర్మనీ సోలార్ కంపెనీ క్యూ-సెల్స్ 2012లోనే దివాలా తీసింది. కానీ ప్రపంచానికి సోలార్ చవగ్గా దొరకడంలో వాళ్లు కట్టిన బిల్లులకి పెద్ద వాటా ఉంది.

"ప్రభుత్వానికి గెలిచే గుర్రాన్ని ఎంచడం చేతకాదు" అంటారు. అమెరికా ఇంధన శాఖ రుణాల్లో సోలార్ ప్యానెళ్ల కంపెనీ సోలిండ్రా 53.5 కోట్ల డాలర్ల హామీతో 2011లో మునిగింది. టెస్లా 46.5 కోట్లు తీసుకుని 2013లో గడువుకి ముందే తీర్చేసింది. మునిగినదాని అప్పు జనం నెత్తిన, తేలినదాని లాభంలో దక్కింది వడ్డీ. ఆర్డర్‌లో ఈ బాధ తక్కువ, సరుకు రాకపోతే డబ్బివ్వక్కర్లేదు.

మరి ఎందుకు జరగదు? మామూలు టెండరు ఫారం చదవండి. మూడేళ్ల టర్నోవరు చూపాలి, ఇలాంటిదే ఇంతకుముందు సప్లై చేసినట్టు సర్టిఫికెట్ పెట్టాలి (కొత్త వస్తువు ఇంతకుముందు ఎవరు కొన్నార్ట?), స్పెసిఫికేషన్ ఏదో బ్రాండు బ్రోషర్‌కి జిరాక్స్, ఆఖర్న తక్కువ కోట్ చేసినవాడికే ఆర్డరు. కొత్తది కొని అది ఫెయిలైతే సంతకం పెట్టిన అధికారి మీద విచారణ. పాతచెత్త కొన్నవాణ్ని అడిగే నాథుడు లేడు. అందుకే ఆయన పైలట్ ప్రాజెక్టు అంటాడు. అది బాగుంటే ఇంకో పైలట్.

మార్చాల్సింది ఆ ఫారమే. ఫలితం ఇంత ఉండాలని రాయండి. పరీక్ష ఎవరు, ఎలా చేస్తారో ముందే చెప్పండి. పైలట్ పాసైతే ఎన్ని యూనిట్లు, ఏ ధరకి, ఏ పరిమాణం దాటాక ధర ఎంత దిగాలో అదే ఒప్పందంలో ఉండాలి. సప్లయర్లు కనీసం ఇద్దరుండాలి. బిల్లు 30 రోజుల్లో పాస్ కావాలి, ఎందుకంటే చిన్న కంపెనీలో జీతాలకి రెండు మూడు నెలలకి మించి డబ్బుండదు, తొమ్మిది నెలలకి వచ్చే చెక్కు మూతపడ్డ ఆఫీసు అడ్రసుకి వెళ్తుంది.