గడువు తప్పని బోర్డు కావాలి

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 నిండా గడువులే. సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న రోగిని అతని తరఫు ప్రతినిధి కోరికపై ఆసుపత్రిలో చేర్చుకుంటే, ఆ చేరిక 30 రోజులకే చెల్లుతుంది. ఆ సంగతి ఏడు రోజుల్లో, మహిళ లేదా మైనరైతే మూడు రోజుల్లో, మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు తెలపాలి. 'నన్నిక్కడ ఎందుకు ఉంచారు' అని రోగి అర్జీ పెడితే బోర్డు ఏడు రోజుల్లో తేల్చాలి. 30 రోజులు దాటాలంటే ఇద్దరు సైకియాట్రిస్టులు విడివిడిగా పరీక్షించాలి. ఆపై 21 రోజుల్లో అనుమతించడమో, ఇంటికి పంపమనడమో బోర్డు పని. అది కూర్చోకపోతే ఆసుపత్రి పంపిన కాగితం ఇన్‌వార్డు రిజిస్టర్లో నంబరు వేయించుకుని అక్కడే ఆగుతుంది. మనిషి వార్డులోనే ఉంటాడు.

బోర్డును ఒక్కో జిల్లాకైనా, కొన్ని జిల్లాలకు కలిపైనా పెట్టుకోవచ్చని చట్టం వెసులుబాటిచ్చింది. 2022 ఏప్రిల్‌ 4న గుంటూరు మూడు జిల్లాలైంది, కృష్ణా నుంచి ఎన్టీఆర్‌ జిల్లా విడిపోయింది. వీటన్నిటికీ ఒకే బోర్డు ఉన్నా అభ్యంతరం లేదు. కానీ అది వారంలో ఒక నిర్ణీత రోజున, ఒకసారి గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్‌)లో, మరోసారి విజయవాడ జీజీహెచ్‌లో కూర్చోవాలి. మాచర్ల నుంచి రాలేని వాళ్లను వీడియోలో వినాలి. బోర్డులో రోగులకు, వారిని చూసుకునేవారికి, స్వచ్ఛంద సంస్థలకు ఉద్దేశించినవి రెండు స్థానాలు. ఇలాంటి కమిటీల్లో భర్తీకి ఆఖరున గుర్తొచ్చేవీ ఇవే. తేదీ, చోటు, అర్జీ నమూనా సైకియాట్రీ ఓపీ గోడ మీద తెలుగులో ఉండాలి.

మందుల విషయంలో చట్టం ఇంకా సూటిగా ఉంది. అత్యావశ్యక మందుల జాబితాలోనివి సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పై స్థాయి దాకా అన్నివేళలా ఉచితంగా దొరకాలి. 'అన్నివేళలా' అన్నది ఎంత ముఖ్యమో క్లోజపిన్‌ను చూస్తే తెలుస్తుంది. మిగతా మందులకు లొంగని స్కిజోఫ్రెనియాకు వాడే మాత్ర ఇది. మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష చేసి తెల్లకణాల లెక్క చూడాలి. 48 గంటలకు మించి ఆగిందా, పాత మోతాదు వేయకూడదు: బీపీ పడిపోవచ్చు, మూర్ఛ రావచ్చు. మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి పెంచుకుంటూ రావాలి. 300 మీద కుదురుకున్న మనిషి వెనక్కి వెళ్లిపోతాడు. జ్వరం మాత్రల్లాగే స్టాకు నిండుకున్నాక ఇండెంటు పెడితే జరిగేది ఇదే. నెల రోజుల నిల్వ ఎప్పుడూ మిగిలి ఉండేలా ఈ మందులకు వేరే లెక్క పెట్టాలి.

రోడ్ల మీద తిరిగే రోగుల సంగతీ అంతే. బస్టాండులోనో, ఘాట్లలోనో కనిపించిన వారిని స్టేషన్‌ అధికారి 24 గంటల్లోగా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టరాదు. 'దగ్గరి' అంటే విశాఖ కాదు. విభజనలో ఎర్రగడ్డ ఆసుపత్రి తెలంగాణకు పోయినప్పుడు రాష్ట్రానికి మిగిలిన ప్రభుత్వ మానసిక వైద్యశాల అది. విజయవాడ నుంచి అది దాదాపు 350 కిలోమీటర్లు. రాత్రిపూట వచ్చే కేసుకు ఇక్కడి జీజీహెచ్‌లలోనే మంచం కేటాయించి ఉంచాలి.

డబ్బు ప్రస్తావన లేకుండా ఇవేవీ కదలవు. జిల్లాలో కనీస సేవలు లేకపోతే, అదే జిల్లాలో వేరేచోట చేయించుకున్న చికిత్స ఖర్చు ప్రభుత్వమే భరించాలని 18వ సెక్షన్‌ చెబుతోంది. దానికి నిబంధనలు రాయాల్సిందీ ప్రభుత్వమే. మానసిక ఆరోగ్యం ఉమ్మడి జాబితాలోని అంశం. నిబంధనలు చాలవనుకుంటే వెలగపూడి అసెంబ్లీలో సొంత చట్టమే తేవచ్చు. ఆసుపత్రి బిల్లు చేతబట్టుకున్న కుటుంబం ఎవరికి అర్జీ పెట్టాలి, ఏ రశీదులు జత చేయాలి, ఎన్నాళ్లలో సొమ్ము ఖాతాలో పడాలి, పడకపోతే ఎవరిని అడగాలి: ఈ నాలుగింటికీ జవాబు వచ్చే అసెంబ్లీ సమావేశాల్లోగా జీవో రూపంలో రావాలి.