యూఎస్‌బీ సీరియల్ అడాప్టరు గారికి, చెరువు గట్టు మీంచి

అయ్యా అడాప్టరు గారూ,

నమస్కారాలండి. తమరి పచ్చ లైటు బహు చక్కగా మిణుకుతోందండి. ఇవాళ మధ్యాహ్నమంతా ఉండి ఊరి దగ్గర ఓ వనామి రొయ్యల చెరువు గట్టు మీద కూర్చుని దాన్నే చూశాను. రాత్రి నీళ్ళలో ఆక్సిజన్ ఎంతకి పడిపోయిందో, చెరువు రీడింగులు దాచుకునే లాగర్లోంచి తమరి ద్వారా ల్యాప్‌టాప్‌లోకి తీసి చూపిస్తానని రైతుకి మాటిచ్చాను మరి. లాగరేమో పంట వేసిన రోజు నుంచి మొదలెట్టి, పాతవన్నీ ఇచ్చాకే రాత్రివి ఇస్తుంది. "అయ్యిందా అబ్బాయ్?" అంటే "వచ్చేస్తోంది మావయ్యా" అన్నాను. ఆయన మేత చల్లి, భోంచేసి, కునుకు తీసి వచ్చాడు. సగం కూడా రాలేదు.

తమరితో వచ్చిన డ్రైవర్ సీడీ సంగతి ఎత్తను. అది పెట్టే ల్యాప్‌టాప్ ఇప్పుడు ఎవరింట్లో ఉందిలెండి.

నా బాధంతా స్పీడు గురించే. 9600 బాడ్ స్పీడు దగ్గర సెకనుకి 960 బైట్లే, ఒప్పుకున్నాను. రెండువైపులా 115200 పెట్టాను. 12 రెట్లండీ! తమరిలో చలనముందా? ల్యాప్‌టాప్ అడిగితేనే లాగరు ఒక్కో రీడింగు ఇస్తుంది, 40 బైట్లు. అవి 4 మిల్లీసెకన్లలోపే తమరి చేతికొస్తాయి. అక్కడ తమరు వాటిని కూర్చోబెడతారు. 62 బైట్లు నిండాలిట, లేదా 16 మిల్లీసెకన్లు గడవాలిట. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఆగిందంటే అర్థముంది, వెనక జనం వస్తుంటారు. తమరి వెనక ఎవరున్నారండీ? ఈ రీడింగు ల్యాప్‌టాప్‌కి చేరితేగాని రెండోది అడగనే అడగదు. రానివాళ్ళ కోసం రేవు కాస్తున్నారు తమరు! బాడ్ రేటు ఎంత పెంచినా సెకనుకి ఓ 60 రీడింగులు దాటి చావవు.

ల్యాప్‌టాప్‌లో డివైస్ మేనేజర్, పోర్ట్స్, ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్. ఇన్ని గుమ్మాలు దాటితే, ఓ మూల లేటెన్సీ టైమర్, అంటే తమరు కాసే ఆ మిల్లీసెకన్ల గడువు. 16 తీసి 1 పెట్టాను. పరుగే పరుగు! అంతలో మావయ్య కాలు తగిలి వైరు ఊడింది. పక్క పోర్టులో గుచ్చితే పోర్టు పేరు కామ్ 3 కాస్తా కామ్ 7 అయ్యింది, 16 మళ్ళీ వచ్చి కూర్చుంది.

ఒరేయ్, 1 అనే అంకె నీ దగ్గరే ఉంది కదరా! దాన్ని అన్ని తలుపుల వెనక దాచి, పైన పచ్చ లైటు వెలిగించుకుని పనోడిలా ఫోజా? రేపు పొద్దున్నే పక్క చెరువుకి వెళ్తున్నాం. అక్కడ గానీ 16 కనబడిందో, గట్టు మీంచి నీళ్ళు రెండడుగుల దూరమే. ఆయ్.