పండగ ఒక్కరోజేనా?

ఈ ఉగాది సంబరాలకు ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం హైస్కూలు వరండాలో రెండు బల్లలు వేసింది. ఒకదాని దగ్గర మన డాక్టర్లే కూర్చుని, వచ్చిన వారందరికీ ఉచితంగా రక్తంలో చక్కెర పరీక్ష చేశారు. దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది స్పాన్సర్ల బల్ల. పద్యాల పోటీలో పాల్గొన్న ప్రతి బిడ్డకూ అక్కడ ఒక సంచి ఇచ్చారు. అందులో గమ్మీల పొట్లం, రెండు చాక్లెట్లు, చిప్స్, ఒక సోడా డబ్బా. అటు పెద్దల వేళ్లకు సూదులు గుచ్చుతుంటే, ఇటు పిల్లలు డబ్బాల మూతలు లాగుతున్నారు. ఈ రెండు బల్లలనూ ఒకేచోట చూసి ఎవరికీ ఏమీ అనిపించలేదంటే, మనం ఎంత అలవాటు పడిపోయామో!

పరీక్ష చేయించుకున్న వారిలో ఒక పెద్దావిడ ఉన్నారు. కూతురి పురిటికని ఊరి నుంచి వచ్చారట. మీటరు 260 దాటి చూపించింది. డాక్టరు రాసిచ్చిన చీటీని కొంగున ముడేసుకుని ఆవిడ భోజనాల వరుసలో నా ముందే నిలబడ్డారు. "తీపి వద్దు బాబూ, కాస్త పెరుగన్నం ఉంటే చాలు" అన్నారు. వడ్డించే అబ్బాయి బంగారం లాంటివాడు, తెల్లవారినప్పటి నుంచి కుర్చీలు మోస్తూనే ఉన్నాడు. నవ్వుతూ బొబ్బట్టు, గులాబ్‌జామూను, రసమలై మూడూ పళ్లెంలో పెట్టేసి, "పండగ ఒక్కరోజే కదా అమ్మమ్మగారూ, ఏమీ కాదు" అన్నాడు. ఆవిడ కాదనలేకపోయారు.

ఆ రాత్రి సంఘం వాట్సాప్ గుంపులో ఈ సంగతి రాసి, వచ్చే పండక్కి పిల్లల సంచుల గురించీ తీపి వడ్డన గురించీ ఆలోచిద్దామన్నాను. కార్యవర్గంలోని ఒక పెద్దమనిషి జవాబిచ్చారు: "పండగకు వచ్చి కూడా చక్కెర లెక్కలేమిటండీ? అంత భయమైతే ఇంట్లో కూర్చుని కొర్రన్నం తినండి." దాని కింద నవ్వు బొమ్మలు వరసగా పడ్డాయి. కొర్రన్నానికి నాకేమీ కోపం రాలేదు, నిజానికి నాకది ఇష్టం కూడా. ఒక ముసలావిడ ఆరోగ్యం మనకు నవ్వులాట కావడమే గుచ్చుకుంది. అందుకే ఈ వ్యాసం.

అసలు ఆ ఒక్కరోజు ఏది? సంక్రాంతి, ఉగాది, శ్రీరామనవమి కల్యాణం, వినాయక చవితి, బతుకమ్మ, దసరా, దీపావళి, కార్తీక వనభోజనాలు. ఇవి సంఘం లెక్కలోవి. నడుమ ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం, గృహప్రవేశం, సీమంతం. శనివారం వచ్చిందంటే ఎవరో ఒకరి పిల్లల పుట్టినరోజు, పలక అంత కేకు. ఆఫీసులో ఎవరో సెలవుల నుంచి తిరిగొచ్చి బల్ల మీద పెట్టిన డోనట్ల పెట్టె. మందుల దుకాణంలో కౌంటరు వెనక నిలబడేదాన్ని కాబట్టి ఈ లెక్క మరోవైపు నుంచి నాకు కనిపిస్తుంది. డయాబెటిస్ మాత్ర మెట్‌ఫార్మిన్ తీసుకోవడానికి వచ్చే మనవాళ్ల వయసు ఏటా తగ్గుతోంది. ముప్ఫైల్లో ఉన్నవాళ్లు వస్తున్నారు, అందులో చాలామంది సన్నగా ఉన్నవాళ్లే.

సన్నగా ఉంటే భయం లేదనుకోవడం మనవాళ్లకు పనికిరాని ధైర్యం. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం ఎన్నో ఏళ్లుగా చూపిస్తున్నది ఇదే: మన పిల్లలు తక్కువ బరువుతో పుట్టినా, వాళ్ల ఒంట్లో కండ తక్కువగానూ కొవ్వు ఎక్కువగానూ ఉంటుంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా 2015లో, ఆసియా మూలాలున్న వారికి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చెప్పే అంకె) 25 దాకా ఆగకుండా 23 దగ్గరే చక్కెర పరీక్షలు మొదలుపెట్టమంది. ఊళ్లో ఉంటే తప్పించుకునేవాళ్లమా అంటే అదీ లేదు. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం భారతదేశంలో డయాబెటిస్ ఉన్నవారు 10 కోట్లు దాటారు.

ఆ సంచిలోని సోడా డబ్బా సంగతి చూడండి. మామూలు కోలా అయితే 355 మిల్లీలీటర్లలో 39 గ్రాముల చక్కెర, అంటే దాదాపు పది చెంచాలు. రెండేళ్లు దాటిన పిల్లలకు విడిగా కలిపిన చక్కెర రోజు మొత్తం మీద 25 గ్రాములకు మించకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పింది. గమ్మీల పొట్లం విప్పకముందే ఆ పిల్లల కోటా అయిపోయింది. 2020 నుంచి ఈ దేశంలో పెద్ద కంపెనీల ప్యాకెట్ల మీద 'యాడెడ్ షుగర్స్' అని విడిగా రాస్తున్నారు. ఆ ఒక్క వరస చదివితే చాలు, కెచప్‌లో, బ్రెడ్డులో, పండ్ల రుచుల పెరుగులో ఎంత చక్కెర ఉందో తెలిసిపోతుంది.

ఇక మా అమ్మ సంగతి. ఎడిటరుగారు నిడివి గురించి హెచ్చరించారు గానీ, ఇది కుదించి చెప్పేది కాదు.

అమ్మది తెనాలి దగ్గర పల్లె. అక్కడ పొద్దున్నే గుడికి నడుస్తుంది, కూరల బండి దగ్గర బేరమాడుతుంది, సాయంత్రం అరుగు మీద నలుగురితో కూర్చుంటుంది. ఇక్కడికి వస్తే ఎనిమిది గంటలకల్లా ఇల్లు ఖాళీ. బయట మంచు. వీధిలో మనిషి కనబడడు, కారు నడపడం రాదు. వచ్చిన కొత్తలో మధ్యాహ్నం వండుకునేది. తర్వాత "ఒక్కదాని కోసం కుక్కరు ఏం పెట్టనే" అనడం మొదలైంది. వంటింటి అరలో హోల్‌సేల్ దుకాణం నుంచి తెచ్చిన కుకీల పెద్ద ప్యాకెట్లు, పిల్లల గ్రనోలా బార్లు, ఫ్రీజర్‌లో పరాఠాలు. టీ పెట్టుకోవడం, కుకీ ముంచుకోవడం, టీవీ సీరియలు, మళ్లీ టీ. ఊళ్లో ఉన్నప్పుడు ఏడున్నర దగ్గర ఆగిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెరను చెప్పే పరీక్ష) ఇక్కడ తొమ్మిది దాటింది.

ఒకరోజు గుడికి వెళ్లేందుకు అమ్మ శాలువా వెతుకుతుంటే, మడతపెట్టిన చీరల మధ్య కుకీల ప్యాకెట్ దొరికింది. రెండు వరసలు ఖాళీ. మూడో వరస మెత్తబడకుండా కవరు మడిచి, పైన రబ్బరు బ్యాండు వేసి ఉంది. పక్కనే వారం రోజుల మాత్రల పెట్టె, ఒక్క పూట కూడా తప్పలేదు. మాత్ర వేసుకోవడంలోనూ కుకీ దాచుకోవడంలోనూ అదే క్రమశిక్షణ! అడిగితే అమ్మ దబాయించలేదు, ఏడవలేదు. "నోట్లో ఏదో ఒకటి ఆడుతుంటే పొద్దు తెలియదే" అంది.

ఆ మాట ముందు డైటు కాగితాలన్నీ వెలవెలబోయాయి. అప్పటికే అమ్మ మధ్యాహ్నాలు పడుకుని, రాత్రిళ్లు నిద్రపట్టక అటూ ఇటూ తిరుగుతోంది. మనవడి మీద విసుక్కుంటోంది. ఊరికి ఫోన్లు తగ్గించింది. కుకీ తింటే కాసేపు హుషారు, ఆ తర్వాత మళ్లీ నీరసం. మావారు పొద్దున ఆఫీసుకు వెళుతూ అమ్మనూ, రెండు వీధుల అవతల ఉండే మరో ఇద్దరు అమ్మలనూ మాల్ దగ్గర దింపడం మొదలుపెట్టారు. లోపలే నడక, వెచ్చగా. తిరుగు ప్రయాణం ఆ ఇళ్లలో ఒక కోడలు చూసుకుంది. మధ్యాహ్నం ముగ్గురూ ఒకరింట్లో కలిసి వండుకున్నారు: పప్పు, వేపుడు, మజ్జిగ. అరలోని ప్యాకెట్లు కూడా కొనడం మానేశాం. వేసవికల్లా పరీక్షలో అంకె దిగింది, అమ్మ గొంతు పెరిగింది. తోడు వల్లనా, తిండి వల్లనా అని అడిగితే నేను విడదీసి చెప్పలేను. ఒంటరితనం తిండిని చెడగొట్టింది, ఆ తిండి మనసును ఇంకొంచెం కుంగదీసింది. ఏది ముందో మా ఇంట్లో తేలలేదు.

పరిశోధనల్లోనూ అది పూర్తిగా తేలలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. స్వీటు తింటే పిల్లలు గంతులు వేస్తారని మనం గట్టిగా నమ్ముతాం. 1995లో ఒక అమెరికా వైద్య పత్రికలో పరిశోధకులు అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను కలిపి చూసి, చక్కెర వల్ల పిల్లల ప్రవర్తన మారుతున్నట్టు ఏమీ లేదని తేల్చారు. పుట్టినరోజు పార్టీలో గంతులకు కారణం పార్టీయే. అలాగే చక్కెర తింటే డిప్రెషన్ వస్తుందని ఎవరైనా వాట్సాప్‌లో పంపితే నమ్మకండి. డయాబెటిస్ ఉన్నవారిలో డిప్రెషన్ ఎక్కువన్నది మాత్రం డాక్టర్లందరూ ఒప్పుకునే విషయం. ఆస్ట్రేలియాలో 67 మంది డిప్రెషన్ రోగులతో చేసి 2017లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. కొందరికి పన్నెండు వారాలు పప్పులు, కూరగాయలు, పండ్లు, చేపలతో తిండి మార్పించారు, మిగతావారితో అన్నే వారాలు స్నేహంగా కబుర్లు చెప్పించారు. తిండి మార్చుకున్న వారిలో దాదాపు మూడోవంతు కోలుకున్నారు, రెండో గుంపులో నూటికి ఎనిమిది మందే. చిన్న పరిశోధనే. మందులు మానేయమని కూడా అది చెప్పలేదు. అయినా మా అమ్మ మధ్యాహ్నాలు చూసినదాన్ని కాబట్టి దాన్ని పక్కన పెట్టలేను.

ప్యాకెట్ల విషయంలో మాత్రం నాకు ఇంత మొహమాటం లేదు. 2019లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఇరవై మందిని ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టింది. వడ్డించిన దాంట్లో చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు రెండింటిలోనూ సమానం. ఎవరికి కావలసినంత వారు తినవచ్చు. ఫ్యాక్టరీ తిండి వారాల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, దాదాపు కిలో బరువు పెరిగారు. నోరు కట్టుకోలేకపోవడమని మా అమ్మనూ ఆ అమ్మమ్మగారినీ వేలెత్తి చూపేవాళ్లు ఇది రెండుసార్లు చదవాలి.

"మరి మన అరిసెలు?" అంటారు. అరిసెల జోలికి నేను రాను. బియ్యం నానబెట్టి, తడిపిండి కొట్టి, జల్లించి, బెల్లం పాకం నీళ్లలో వేసి ఉండ కట్టిందో లేదో చూసి, పిండి కలిపి, నూనెలోంచి తీసి చెక్కల మధ్య ఒత్తాలి. పాకం ఒక్క క్షణం ముదిరితే అరిసె పంటికి లొంగదు. ఇద్దరు ఆడవాళ్లకు ఒక పూటంతా పని. అందుకే సంక్రాంతికి ఒకసారే చేసేవారు. డబ్బా అటక మీదకెక్కేది, మనిషికొకటి చొప్పున దిగేది. చాకిరే కొలతగా పనిచేసింది. ఇప్పుడు ఇండియన్ దుకాణం ఫ్రీజర్‌లో ఏడాది పొడుగునా అన్ని పండగలూ దొరుకుతున్నాయి. "బెల్లం కదా, మంచిదే" అనే వాళ్లకు ఒక మాట: బెల్లంలోనూ ఎక్కువ భాగం చక్కెరే, ఒంట్లోకి వెళ్లాక పెద్ద తేడా ఏమీ ఉండదు. అరిసె రుచి కోసం తినండి, మందు అనుకుని తినకండి.

మన ఇళ్లలోని అసలు చెడ్డ అలవాటు తీపి కాదు, బలవంతం. "నా మీద ఒట్టు, ఇంకొక్కటి" అని పళ్లెంలో పడేయడం, వద్దన్నవారు మొహమాటపడుతున్నారని మనమే తీర్మానించడం. మీటరు 260 చూపించినా ఆ అమ్మమ్మగారు తిన్నది అందుకే. మనం ఇక్కడ ఇలా ఉంటే, అక్కడ ఇండియాలోనే ఆలోచన మారుతోంది. ఊళ్లో పిల్లల బలానికని పాలలో కలిపి తాగించే పొడుల్ని 'హెల్త్ డ్రింకులు' అనే వరసలోంచి తీసేయమని కేంద్ర ప్రభుత్వమే 2024లో ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. అదే ఏడాది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, అతిగా ప్రాసెస్ చేసిన తిండి తగ్గించుకోమని దేశానికంతటికీ సూచనలిచ్చింది. ఆ సంస్థ ఉన్న తార్నాక మీదుగా కాలేజీకి వెళ్లినవాళ్లు మన సంఘంలో ఎంతమందో! ఇక్కడ మన ఉగాది పచ్చడిలో మాత్రం ఈసారి వేపపువ్వు లేదు. పిల్లలు తాగరని ద్రాక్ష, అరటిపండు, పంచదార వేశారు. ఎండు వేపపువ్వు ఇండియన్ దుకాణాల్లో దొరుకుతుంది, చెంచాడు చేదుకు ఏ పిల్లాడూ అలిగి వెళ్లిపోడు.

కార్యవర్గానికి నా విన్నపం పెద్దదేమీ కాదు. స్వీటు తీసేయమనడం లేదు. మూడు కొన్న స్వీట్ల బదులు మనవాళ్లెవరైనా చేతితో చేసింది ఒక్కటి పెట్టండి, చిన్నదిగా. వడ్డించే పిల్లలకు "వేయమంటారా అండీ?" అని అడగడం నేర్పండి, వద్దంటే గరిటె వెనక్కి తీసుకోవడం కూడా. పిల్లల సంచిలో ఒక కథల పుస్తకం, రంగు పెన్సిళ్లు, ఒక కమలాపండు పెట్టండి. సోడా డబ్బాలు తీసేసి మంచినీళ్లు, మజ్జిగ ఉంచండి. స్పాన్సర్లు నొచ్చుకుంటారని కోశాధికారిగారి భయం. మజ్జిగ బల్ల మీద కూడా వాళ్ల బ్యానరు కట్టవచ్చు కదా, కోలా మీదే కట్టాలని ఎవరన్నారు? పిల్లలు మజ్జిగ ముట్టరని ఒక వాదన. ఎదురుగా కోలా ఉంటే ముట్టరు, నిజమే.

దీపావళి భోజనాల సమావేశం సెప్టెంబరు మొదటి వారంలో అంటున్నారు. మెనూ క్యాటరర్‌కు వెళ్లేలోపు నాకు పది నిమిషాలు ఇప్పించండి. మజ్జిగ కలపడానికి ముందురోజు రాత్రే మా ఇంటి నుంచి ఇద్దరం వస్తాం. అల్లం, కరివేపాకు, పచ్చిమిర్చి మేమే తెస్తాం. పెరుగు బకెట్లు, ఐసు మాత్రం సంఘం ఖర్చు.