ఎయిర్‌పోర్టు దూరాల కాలిక్యులేటర్ గారికి తిరుపతి మహజరు

మహారాజశ్రీ కాలిక్యులేటర్ గారి సముఖమునకు, ఉభయకుశలోపరి.

ఒక గడిలో తిరుపతి, ఇంకో గడిలో శాన్‌ఫ్రాన్సిస్కో కొడితే తమరు రెప్పపాటులో 13,870 కిలోమీటర్లు అంటారు. దూరం మీద మాకు పేచీ లేదు. పేచీ అంతా దాని కింద వేసే "16 గంటల 50 నిమిషాలు" తోనే. గంటకు 850 చొప్పున భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అరగంట దానం చేశారు. సరే స్వామీ, ఆ విమానం ఏది? మా రేణిగుంట ఎయిర్‌పోర్టుకు అంతర్జాతీయ హోదా ఉంది గానీ అమెరికాకు లేచే విమానం లేదు.

పోనీ, మ్యాపు మీద తమరు గీసే దగ్గరి దారి గీత వెంటే పోదాం. అది ఉత్తరానికి మొగ్గి, కాఠ్మండూ పక్కగా టిబెట్ మీదికి ఎక్కుతుంది. కేబిన్‌లో గాలి ఒత్తిడి పోతే పైలట్ విమానాన్ని ఊపిరాడే ఎత్తుకు, అంటే 10,000 అడుగులకు దించాలి. టిబెట్‌లో నేలే 14,000 అడుగుల పైన ఉందే, యాడికి దించేది? సీటు పైనుంచి జారే మాస్కులో ఆక్సిజన్ చాలా విమానాల్లో పావుగంట అటూ ఇటూ. పీఠభూమి దాటడానికి చాలదు. అందుకే విమానాలు చుట్టు తిరిగి పోతాయి. ఆ తర్వాత గీత సైబీరియా మీదుగా సాగుతుంది. 2022 నుంచి రష్యా తన ఆకాశాన్ని అమెరికా కంపెనీలకు మూసేసిన సంగతి తమరిదాకా రానట్టుంది.

ఇంకో వింత: పోనూ రానూ తమరిది ఒకటే టైము. పసిఫిక్ మీద జెట్ స్ట్రీమ్ అనే పై ఎత్తు జోరుగాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. పోయేటప్పుడు వెనకనుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురు తిరుగుతుంది. నేరుగా పోయే విమానానికి కూడా ఈ తేడా తప్పదు.

గడియారం లెక్క తమరసలు ముట్టుకోరు. మన మధ్యాహ్నం 2కు లేచి 16 గంటలు ఎగిరితే, ఎండాకాలంలో అక్కడ అదే రోజు సాయంత్రం 5.30. చలికాలంలో 4.30. ఇక్కడి పెద్దాయన "రేపు దిగుతా" అని ఫోన్ చేసి పెడితే, పికప్‌కు రావాల్సిన కొడుకు ఆ సాయంత్రం ఆఫీసులోనే ఉంటాడు.

మా లెక్క వినండి. పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా చెన్నై ఎయిర్‌పోర్టుకు కారులో మూడు నాలుగు గంటలు. కౌంటరు దగ్గరికి మూడు గంటల ముందు చేరాలి. దుబాయ్‌కి నాలుగు గంటల పైన, అక్కడ కనీసం మూడు గంటల పడిగాపులు, మళ్లీ దాదాపు 16 గంటలు, దిగాక ఇమిగ్రేషన్ క్యూ. ముప్పై దాటింది. రెండు టికెట్లు వేర్వేరు పీఎన్ఆర్‌ల మీద కొని మొదటి విమానం లేటయితే, రెండోదాని డబ్బులు హుండీలో వేసినట్టే.

ఆ టైము పక్కన "గాల్లో మాత్రమే" అని రెండు మాటలు వేయించ ప్రార్థన.

ఇట్లు,
తిరుపతిలో టికెట్లు బుక్ చేసేవాళ్లు